మూడు దారుల కాపలా

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. వారమంతా లిఫ్టు గోతుల్లో నూనె చేతులతో ఉంటాడు. ఆదివారం పెయింట్‌బాల్ మైదానంలో మా జట్టుకి వెనక కాపలా. నలభై మూడేళ్ళు, బానపొట్ట. "నేను దాక్కునే అడ్డు కన్నా నేనే వెడల్పు" అని తనమీద తనే జోకులేసుకుంటాడు. కానీ ఆ గాలి నింపిన అడ్డు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడంటే ఒక్కచోటి నుంచే మూడు దారులూ కాస్తాడు. ఎడమకి రెండు రంగు గుళ్ళు, మధ్యకి ఒకటి, కుడికి మూడు. మళ్ళీ అదే వరసలో చచ్చినా కాల్చడు. ఏ చేత్తోనైనా కాలుస్తాడు. గోతిలో ఏ చెయ్యి దూరితే ఆ చేత్తోనే పని చెయ్యాలిగా!

ఆ రోజు ఆఖరి ఆట. కెప్టెన్ మా మేనత్త కొడుకు, నోటిదురుసు మనిషి. "ఇవాళ నీ కాపలా దాటి ఒక్కడొచ్చినా ఇక ఇంట్లో కూర్చో అన్నయ్యా" అని ముందే చెప్పేశాడు. బావ నవ్వాడు గానీ, బిగించుకున్న మాస్కు పట్టీనే విప్పి మళ్ళీ బిగించుకున్నాడు. ఆదివారం తప్ప ఆయనకి మరో సరదా లేదు.

రంగు పడ్డవాళ్ళంతా అవుటై, చివరికి మేం ముగ్గురం మిగిలాం, వాళ్ళిద్దరు. ఎడమ అడ్డు వెనక ఒకడు నక్కాడు. బావ గుళ్ళు ఆగితే చాలు, పరిగెత్తుకొచ్చేస్తాడు. రెండోవాడు కుడి నుంచి కెప్టెన్ మీదికి పాకుతూ నాకు కనిపించాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"బావా, కుడి!" అని అరిచాను.

నాకు అక్క మొగుడూ బావే, మేనత్త కొడుకూ బావే. అందుకే ఆటలో మేనత్త కొడుకుని కెప్టెన్ అనే పిలవాలనుకున్నాం. కంగారులో ఇంటి పిలుపు నోరుజారింది. తన గన్ను మోతలో కెప్టెన్‌కి వినపడనే లేదు. వెనకున్న బావ మాత్రం తననే అనుకుని కుడికి తిరిగి, పాకేవాణ్ణి కొట్టాడు. ఈలోగా ఎడమవాడు దూసుకొచ్చి కెప్టెన్ వీపునా, బావ మెడమీదా, నా మాస్కుమీదా టపటపా రంగు పగలగొట్టాడు. ఓడిపోయాం.

కెప్టెన్ మాస్కు పీకి నేలకేసి కొట్టాడు. "ఎడమెందుకు వదిలావు? ఎవరు తిరగమన్నారు నిన్ను?"

బావ నా వైపు చూడలేదు. "ఎవరూ అనలేదు. వయసైపోయింది రా, పొరపడ్డాను" అన్నాడు.

నోరు తెరవాల్సింది నేను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా తెరవలేదు.

మరుసటి వారం వెనక కాపలా నాకిచ్చారు. ఆట చూడ్డానికొచ్చిన బావ తన మోకాలి పట్టీలు తెచ్చి, వంగి తనే నా కాళ్ళకి కట్టాడు.

"ఎడమ మాత్రం వదలకు. ఎవరు పిలిచినా సరే" అన్నాడు.