పడుకోబెట్టిన గుట్ట

బాల్‌రాజ్‌ది తుర్కయంజాల్. ఎల్‌బీ నగర్‌లో నల్లాలు, పైపులు అమ్మే దుకాణం, మన్సూరాబాద్‌లో కిరాయి ఇల్లు. తండ్రి తన వాటాకొచ్చిన గుట్టను కంకర క్వారీకి లీజుకిచ్చాడు. దుకాణం పెట్టింది ఆ రాబడితోనే. రాయి అయిపోయాక క్వారీవాళ్లు మిషన్లు ఎత్తుకొని వెళ్లిపోయారు. గుట్ట ఉన్నచోట నిట్టనిలువు గోడలతో పెద్ద గుంత మిగిలింది. తండ్రి పోయాక అది బాల్‌రాజ్‌దయింది.

గుంత ఒడ్డునే అతని పెద్దమ్మ బుచ్చవ్వ కంది చెల్క. ఓ వానాకాలం పొద్దున చెల్క అంచు విరిగి లోపలికి జారింది. అక్కడ మేస్తున్న మేకలు మట్టితో పాటే పోయాయి. వాటిని మళ్లించబోయిన బుచ్చవ్వ వెనక్కి పడి బతికింది. తుంటి విరిగింది.

దవాఖానలో బాల్‌రాజ్‌ను చూసి ఆమె మొహం తిప్పుకుంది.

"గుట్ట అమ్ముకున్నది మీరు. కూలేది నా చెల్కనా?"



బాల్‌రాజ్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే రమ్య అనే ఇంజినీరును తీసుకెళ్లి గుంత చూపించాడు.

"కింద మట్టి పోస్తే సరిపోదండీ. పైన మొరం వదులుగా ఉంది, ఇంకా జారుతుంది. ఒడ్డును వెనక్కి కోసి వాలు చేయాలి" అందామె. "ఆ చేనులో చాలా భాగం పోతుంది మరి."

బుచ్చవ్వ ఒప్పుకోలేదు. "కూలంగ మిగిలిందన్న నాకుంటది. నువ్వు కోస్తే ఏం మిగుల్తది?"

బాల్‌రాజ్‌కు ఊళ్లో ఇల్లు కట్టుకుందామని ఉంచుకున్న జాగా ఉంది, బోరుతో సహా. చెల్కకు బదులు అదిస్తానంటే బుచ్చవ్వ సరేనంది. భార్య శృతి అప్పటికే ఇంటికి ప్లాను గీయించింది.

"అయితే ఎప్పటికీ కిరాయింట్లనేనా మనం?"

"ఆమె పడ్డ జాగ చూసొచ్చిన శృతీ. జరంతల పానం దక్కింది."

శృతి పుట్టింటికి వెళ్లిపోయింది. జాగా బుచ్చవ్వ పేర రిజిస్ట్రేషన్ చేసిన నాడు మాత్రం తనే వచ్చి అతని పక్కన కూర్చుంది.

జేసీబీలు ఒడ్డును కోసి వాలు చేశాయి, పైన మట్టి పరిచారు. తొలి పెద్దవానకే మట్టంతా చాళ్లు పడి కొట్టుకుపోయింది. బాల్‌రాజ్ తడుస్తూ చూశాడు. ఇల్లు పోయింది, ఇదీ నిలవలేదు అనుకున్నాడు.

"నీళ్లకు దారి ముందే చేసుండాల్సింది. పొరపాటు నాదే" అంది రమ్య.

వాలును మెట్లుమెట్లుగా మళ్లీ కోశారు. ప్రతి మెట్టుకూ రాతికాల్వ కట్టి, గడ్డి నాటారు. మరుసటి వానల్లో అక్కడక్కడా మట్టి జారింది గానీ వాలు నిలబడింది.

బుచ్చవ్వ చేతికర్ర పట్టుకొని కొత్త జాగాలో సొరపాదులు పెట్టింది. కాయలు దిగినప్పుడల్లా శృతికి కబురు పంపుతుంది. బాల్‌రాజ్‌తో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతుంది. అతను వాన పడ్డ మరునాడు దుకాణం ఆలస్యంగా తెరుస్తాడు. పొద్దున్నే పార తీసుకెళ్లి కాల్వల్లో చేరిన మట్టి ఎత్తిపోసి వస్తాడు.