శుక్రవారం దాకా

"సీ యూ మండే" అని పేషెంట్లకు నవ్వుతూ చెప్పి, ఇక తిరిగి రాకపోవడం అక్కకు అలవాటు. మాది ఊరూరా తిరిగే ఫిజియోథెరపీ ఉద్యోగం. ఒక్కో చోట పదమూడు వారాలే. అమెరికాలో, అర్కాన్సా రాష్ట్రంలో ఒక చిన్న ఊరి వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో నాకు పని నేర్పిన సీనియర్ ఆవిడే, అక్కా అనే పిలిచేదాన్ని.

తన ఆఖరి శుక్రవారం కూడా, పక్షవాతం వచ్చిన ఒక ముసలావిడను కారిడార్ చివరిదాకా నడిపించి, బుగ్గ నిమిరి, అదే మాట చెప్పింది. సూట్‌కేసులు అప్పటికే కార్లో ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే ముసలావిడ బూట్లు తొడుక్కుని, లిప్‌స్టిక్ వేసుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చుంది. వారానికి గానీ నడవడానికి నా చెయ్యి పట్టుకోలేదు. నాకు ఒళ్లు మండి అక్కకు ఫోన్ చేశాను.

"అబద్ధం ఎందుకు చెప్పావక్కా?"

"మర్చిపోతార్లేవే. నీ పేషెంట్‌ని నువ్వు చూస్కో" అని పెట్టేసింది.

నేను అలా చెయ్యకూడదనుకున్నాను. నా కాంట్రాక్ట్ ఇంకో మూడు వారాలుందనగా ముసలావిడ పక్కన కూర్చుని, వెళ్లిపోతున్నానని నిజం చెప్పాను. ఆవిడ బుద్ధిగా తలూపింది. మర్నాటి నుంచి మంచం దిగలేదు. బూట్లు తీసుకెళ్తే గోడవైపు తిరిగి పడుకునేది. నేను వెళ్లిపోయే రోజుకి ఆవిడ కాళ్లు నిలబడడం కూడా మర్చిపోయాయి.

ఆ సాయంత్రం అక్కకు ఫోన్ చేసి ఏడ్చాను. చివరిదాకా విన్నది.

"నేను శుక్రవారం దాకా నడిపించానే," అంది. "నువ్వు?"