అవ్వ బొంత కుట్టిన కారు సీటు

నిన్న ప్రొద్దుటూరులో స్కూటర్ బాగు చేయించడానికి వెళ్తే, మెకానిక్ షెడ్డులో పైకప్పు మడిచే పాత విదేశీ కారొకటి కొత్త మెరూన్ రంగుతో మెరుస్తోంది. ఎండకు కాగిన సీట్లు, పెట్రోలు కలిసిన ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయాయి.

జమ్మలమడుగులో మా తాత ఒక దొర దగ్గర కొన్న కారుకు అదే వాసన. నాకు ఊహ తెలిసేసరికే అది వేపచెట్టు కింద కదలకుండా ఉండేది. మధ్యాహ్నం పైకప్పు మడిచి వెనక సీట్లో పడుకుంటే మొహం మీద వేపపూలు రాలేవి. మీరూ అలా ఆగిపోయిన బండ్లలో ఊళ్లన్నీ తిరిగే ఉంటారు కదా!

సీటు చినిగితే అవ్వ తన పాత చీరలు పరిచి, ఏడు కుట్లకొక ముడి వేసి, బొంతలా కుట్టింది.

"కారుకు బొంతేందే?" అని తాత నవ్వేవాడు.

"నీ మాదిరి ఊర్లు తిరగదు, ఈడనే పడుంటాది. చలేస్తాది పాపం," అనేది అవ్వ.

తాత పోయాక దాన్ని పులివెందుల వాళ్లకు అమ్మేశారు.

"అప్పా, ఇది యాడ దొరికింది?" అని మెకానిక్‌ను అడిగాను.

"పులివెందులలోక్కా. ఇంక సీట్లే మిగిలినాయి. రేపు పాతవన్నీ పీకేస్తాం."

వెనక సీటుకు ఎవరో రెక్సిన్ వేశారు. దాని అంచు ఎత్తి చూశాను. కింద వెలిసిన నీలం చీర. కుట్లు లెక్కపెట్టాను. ఏడు, ముడి. మళ్లీ ఏడు, ముడి.

"మా అవ్వ కుట్టిందప్పా. పీకొద్దు."

అతను దారం లాగి చూశాడు. "శానా గట్టిగుందే! సరేక్కా, దీని మీదనే కొత్త తోలు వేస్తాలే. ఒకసారి కూర్చో."

కూర్చుని కళ్లు మూసుకున్నాను. పైన ఉన్నది షెడ్డు రేకులే. అయినా మొహం మీద వేపపూలు రాలాయి.