పడవవాడి పదహారు పేజీలు

గ్రంథాలయం వెనక గదిలో కూర్చునే బైండరు, ఊడి వచ్చిన పుస్తకాన్ని ముందు వాసన చూస్తాడు, తర్వాత చదువుతాడు, ఆ తర్వాతే సూదికి దారం ఎక్కిస్తాడు. ముప్పై ఏళ్ల జిగురు గోళ్లలో పేరుకుపోయింది. మాయాద్వీపం అనే నవలను ఆయన నాలుగుసార్లు కుట్టాడు. అందులో రాకుమారిని సముద్రం దాటించి, ఏమీ అడగకుండా వెనక్కి తెడ్డేసుకుపోయే ముసలి పడవవాడంటే ఆయనకు ప్రాణం. వాడి కథ మొత్తం ఒక్కటే ఫారం, అంటే కలిపి మడిచి కుట్టే పదహారు పేజీల కట్ట. దాన్ని బొమ్మల సినిమాగా తీశారని తెలిసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మనవరాలితో వెళ్లాడు. తెర మీద రాకుమారి రెక్కల గుర్రమెక్కి రెప్పపాటులో సముద్రం దాటేసింది. హాల్లో దీపాలు వెలిగేదాకా ఆయన పడవ కోసమే చూశాడు.

"పడవవాడేడే తల్లీ?"

"గుర్రం ఉందిగా తాతయ్యా! వాడు లేకపోతే కథేమైనా ఆగిందా?"

సినిమా పుణ్యమా అని నవలకు గిరాకీ పెరిగి, అట్ట ఊడి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన జన్మలో మొదటిసారి కావాలని తప్పు చేశాడు. పడవవాడి ఫారం తీసి సొరుగులో పెట్టి, మిగతాది కుట్టి పంపాడు. ఎవరో ఒకరు పేజీలేవని దెబ్బలాటకు రాకపోతారా అని ఎదురుచూశాడు. ఏడాది తిరిగేసరికి తేదీల చీటీ ముద్రలతో నిండి, పుస్తకం మళ్లీ ఊడి వచ్చింది. అడిగినవాడు ఒక్కడూ లేడు. ఈసారి ఆయన వాసన చూడలేదు, చదవలేదు. సొరుగు తెరవకుండానే కుట్టేశాడు.