పసుపు దారం కట్టిన కాయలు

మా అమ్మాయి వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న పిల్ల మొన్న శనివారం సాయంత్రం పనినుంచి వచ్చి, మెట్ల మీద కూర్చుని మంచు బూట్లు విప్పుకుంటుంటే, ఆమె స్వెటరు చేతికి ఒక చిన్న కాగితపు చీటీ తెల్ల దారంతో సహా అంటుకుని వేళ్ళాడుతూ కనిపించింది. పీకి చూశాను. అగ్గిపుల్లంత వెడల్పు కాగితం, దానిమీద నల్ల గీతల బార్‌కోడ్. ఏమిటిదని అడిగితే, తాను పార్ట్‌టైమ్ చేసే గ్రీన్‌హౌస్‌లో మసూర్ పప్పు మొక్కలకు ఒక రకం పువ్వులోని పుప్పొడి తీసి ఇంకో రకం పువ్వుకు అద్దుతారనీ, అద్దిన ప్రతి పువ్వుకూ ఈ చీటీ కడతారనీ, పువ్వు బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదేమో అంతే కాబట్టి నాలుగు గంటలకే కళ్ళు లాగేస్తాయనీ చెప్పింది. నేను ఆ దారం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నలభై ఏళ్ళు దాటిపోయింది అలాంటి దారం చేతితో ముట్టుకుని.

కెనడాలోని ఈ సస్కటూన్‌లో ఇప్పుడు ఏ బస్సెక్కినా తెలుగు వినిపిస్తుంది. నేను వచ్చిన కొత్తలో మన మాట వినాలంటే ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం జరిగేదాకా ఆగాల్సి వచ్చేది. ఈ మూడు నాలుగేళ్ళలో ఇంటింటి బేస్‌మెంటూ మన పిల్లలతో నిండిపోయింది. ముక్కు గడ్డకట్టే చలిలో బస్సుకోసం నిలబడి, పొద్దున క్లాసులూ మధ్యాహ్నం పనీ చేసుకుని, వచ్చి అన్నం వండుకుని, మళ్ళీ పని గంటలు చదువు పర్మిట్ ఇచ్చిన హద్దు దాటిపోలేదు కదా అని ఫోనులో చూసుకునే ఆ పిల్లల్ని చూస్తే నాకు జాలికన్నా గౌరవం ఎక్కువ కలుగుతుంది. ఈ పిల్లది వరంగల్ దగ్గర. వ్యవసాయ వ్యాపార నిర్వహణ చదువుతోంది. పేరు గొప్పదే కానీ వాళ్ళ నాన్న చేసే పత్తి సేద్యం గురించి అడిగితే, వర్షం పడితే పండుతుంది ఆంటీ, అని నవ్వేస్తుంది.

ఆ సాయంత్రం తను కాలేజీకి రాయాల్సిన అసైన్‌మెంట్ తీసుకొచ్చి చూపించింది. పొలం కూలీల పనితనం పెంచడం ఎలా అన్నది విషయం. ఆమె రాసుకున్న ఉపాయం ఏమిటంటే, రోజు కూలి మానేసి, ఎన్ని పువ్వులు కడితే అంత లెక్కన ఇవ్వాలని. చదివి నేను పకపకా నవ్వితే ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నిన్ను చూసి కాదమ్మా, నన్ను చూసుకుని నవ్వానని చెప్పి, టీ పెట్టి, ఎవరికీ ఎప్పుడూ పూర్తిగా చెప్పని ఈ సంగతి చెప్పడం మొదలుపెట్టాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బీకాం చదివి, ఒక విత్తనాల కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజరుగా చేరాను. ఆడపిల్ల మోపెడ్ మీద పొలాలు తిరిగే ఉద్యోగమంటే మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదన్నంత గొడవ. కర్నూలు, గద్వాల వైపు రైతులు అప్పుడప్పుడే సీడు పత్తికి దిగుతున్న రోజులవి. మన వయసు వాళ్ళలో చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళకోసం చెబుతాను. సాయంత్రం పూట ఆడ చెట్ల మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ఒలిచి, లోపలి పుప్పొడి తిత్తులన్నీ గోటితో గీరేసి, పైన ఎర్ర కాగితం తొడుగుతారు. పొద్దున్నే ఆ కాగితం తీసి, మగ చెట్ల పువ్వు తెచ్చి అద్ది, కాడకు దారం కడతారు. దారం కట్టిన కాయలోని గింజే విత్తనం. సాయంత్రం గీరేటప్పుడు ఒక్క తిత్తి మిగిలిపోయినా పువ్వు తన పుప్పొడి తానే పట్టేస్తుంది. అప్పుడు కాయ కాస్తుంది, గింజ కూడా చూడ్డానికి అచ్చంగా అలాగే ఉంటుంది, కానీ అది కంపెనీ కోరిన విత్తనం కాదు. కంపెనీ వాళ్ళు ఆ గింజల్లో కొన్ని నాటి, మొక్కలు పెరిగాక గానీ తేల్చరు. కలగలుపని తేలితే మొత్తం పంట వెనక్కి కొడతారు.

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, నా మాట నమ్మి ఆ ఏడు రెండెకరాలు సీడు పత్తి వేసింది. భూమి తనది కాదు, కౌలుది. చిన్నాయనకు నడుము దెబ్బ తగిలి మంచాన ఉన్నాడు. పంట గట్టెక్కితేనే ఆ భూమి ఇంకో మూడేళ్ళు మీకు, లేకపోతే ఈ ఏడుతో సరి అని ఆసామి ముందే చెప్పేశాడు. వేరుశనగ వేసుకుందామనుకున్న మనిషిని నేనే పనిగట్టుకుని సీడు పత్తికి మళ్ళించాను. అందుకని రోజూ అందరి పొలాలూ చూసి, చివరికి ఆ పొలం గట్టున వచ్చి కూర్చునేదాన్ని.

అక్కడ పనిచేసే పదిహేనుమంది ఆడవాళ్ళకు పెద్దదిక్కు మేస్త్రి అక్క. ఊళ్ళో అందరూ ఆమెను అలాగే పిలిచేవాళ్ళు, నేనూ అంతే. సన్నగా, పొడుగ్గా, చెవులకు పెద్ద కమ్మలతో, ఎవరినీ గట్టిగా ఒక్కమాట అనకుండా పని చేయించేది. ఆమెకో అలవాటుండేది. వారానికో రంగు దారం మార్చేది. ఒక వారం ఎరుపు, ఒక వారం ఆకుపచ్చ. కంపెనీ వాళ్ళు తెల్ల దారం ఉండలు ఊరికే ఇస్తుంటే ఈమె సంతలో తన చేతి డబ్బు పెట్టి రంగు దారాలు కొనడం నాకు చాదస్తంగా తోచి, ఒకరోజు అందరిముందూ అనేశాను కూడా. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఊరుకుంది. రంగులు మాత్రం మానలేదు.

ఇక నా తెలివితేటల సంగతి. పూత ముమ్మరమైన రోజుల్లో పని వెనకబడుతోందని, అప్పుడే చదివొచ్చిన పాఠాలు గుర్తు చేసుకుని, రోజు కూలి ఎత్తేసి దారాల లెక్క పెట్టాను. ఎన్ని దారాలు కడితే అంత. మొదటి రోజే పని రెట్టింపయింది. నేను పొంగిపోయి ఆఫీసుకు ఉత్తరం రాశాను. ఆరు రోజులు అలా గడిచాయి. ఏడోరోజు పొద్దున మేస్త్రి అక్క నన్ను సాళ్ళ మధ్యకు పిలిచి, ఒక మొగ్గ మీది ఎర్ర కాగితం తీసి చూపించింది. అడుగున నాలుగు తిత్తులు అలాగే ఉన్నాయి, పుప్పొడి అప్పటికే రాలి ఉంది. ఇంకొకటి తీసింది, అదీ అంతే. చేతులు తొందరపడితే గోరు అడుగుదాకా పోదు కదా. ఆ ఆడవాళ్ళను అనడానికి ఏముంది, తొందరపడమన్నది నేనే.

రెండెకరాల నిండా కాయలు. ఆ ఆరు రోజుల కాయలేవో, అంతకుముందువేవో ఎలా తెలుస్తుంది? చిన్నమ్మ మొహం ఎలా చూడాలి? అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. మేస్త్రి అక్క నా పక్కన కూర్చుని, కాసేపు ఏడవనిచ్చి, అప్పుడు చెప్పింది.

“ఏడవద్దు పాపా. నువ్వు లెక్క పెట్టిన దినమే నేను దారం మార్చినా. పసుపుది కట్టించినా. పసుపువన్నీ తెంపేస్తే సరిపాయె.”

తల ఎత్తి చూస్తే అప్పుడు కనిపించాయి నాకు, ఆరు రోజులనుంచి కళ్ళెదుటే ఉండి నేను చూడని పసుపు దారాలు. ఇలా అవుతుందని ఆమెకు మొదటిరోజే తెలుసు. చెబితే నేను వినననీ తెలుసు. అందుకే నాతో వాదించకుండా గుర్తు పెట్టి ఉంచింది. చిన్నమ్మకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె కొంగు నడుముకు చుట్టి అందరికన్నా ముందు తనే సాలులోకి దిగింది. ఆ రోజూ, మర్నాడు మధ్యాహ్నం దాకా, పసుపు దారం ఉన్న ప్రతి లేతకాయనీ తెంపి పారేశాం. పచ్చటి కాయలు కాళ్ళకింద చితుకుతుంటే చిన్నమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి కూడా చూడనట్టు తల తిప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం నుంచే మళ్ళీ రోజు కూలి.

దిగుబడి తగ్గింది కానీ విత్తనం పరీక్షలో నెగ్గింది. కౌలు భూమి చిన్నమ్మ చేతిలోనే నిలిచింది. మూడేళ్ళు కాదు, చిన్నాయన లేచి తిరిగి, వాళ్ళ పిల్లల చదువులయ్యేదాకా ఆ భూమే వాళ్ళకు అన్నం పెట్టింది. ఇంతవరకూ అందరికీ చెప్పుకునే కథే. చెప్పనిది ఇంకొకటుంది. ఆ ఏడు చివర నేను ఆఫీసుకు రాసిన రిపోర్టులో, సూపర్‌వైజరు సకాలంలో కనిపెట్టడం వల్ల పంట దక్కిందని రాశాను. మా మేనేజరు గారు నలుగురిలో నన్ను మెచ్చుకుంటే తల వంచుకుని విన్నాను. ఆ మెప్పుతోనే పై ఉద్యోగం వచ్చింది, దాని వెనకే ఇంకొకటి. మేస్త్రి అక్క చదువుకోలేదు కాబట్టి ఆ రిపోర్టు చూడలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చూసినా ఏమీ అనేది కాదని ఇప్పుడనిపిస్తుంది.

అంతా విన్నాక ఆ పిల్ల తను రాసుకున్న పేజీ కొట్టేసి, కొత్త పేజీ తెరిచింది.

“ఆంటీ, ఇదే రాస్త. ఆమె పేరేంది? ఎవరు చెప్పిన్రో పేరు పెట్టకపోతే మా ప్రొఫెసర్ మార్కులు కట్ చేస్తడు.”

నాకు తెలియదు. రెండు పంటలు పక్కపక్కన పనిచేసి, ఆమె ముంతలో మజ్జిగ తాగి, ఆమె వల్ల నిలబడిన ఉద్యోగంతో బతికి, నేను ఒక్కనాడూ ఆమె పేరు అడగలేదు. కూలీల పుస్తకంలో కూడా మేస్త్రి అనే రాసి, పక్కన వేలిముద్ర వేయించుకునేదాన్ని. సిగ్గుతో నా మొహం కాలిపోయింది.

అక్కడ మన ఊళ్ళో అప్పుడే ఆదివారం తెల్లవారుతున్న వేళ. చిన్నమ్మకు ఫోన్ చేశాను. ఎనభై దాటినా ఆమె మాట ఇంకా కంచులా ఉంటుంది. అడగ్గానే పేరు చెప్పి, ఇన్నాళ్ళూ నీకు తెలియదా అని ఆశ్చర్యపోయి, మేస్త్రి అక్క రాయచూరులో కూతురి దగ్గర ఉందనీ, చెవులు మందగించాయి కానీ మనిషి బాగానే ఉందనీ చెప్పి, నంబరు ఇచ్చింది. నా చేత ఆగకుండా ఆ నంబరు నొక్కించింది ఈ వరంగల్ పిల్లే.

గట్టిగా అరిచి అరిచి నేనెవరో చెప్పాక, మేస్త్రి అక్క మొదట గుర్తుచేసుకున్నది రంగు దారాలు కొంటోందని నేను కసిరిన రోజు. నవ్వింది. నా రిపోర్టు సంగతి చెప్పి, తప్పయిపోయింది అక్కా అన్నాను. ఆమెకు ఏది వినపడిందో, ఏది వినపడలేదో నాకు తెలియదు. పంట దక్కె కదా పాపా, ఇంకేం కావాల అంది. ఇక్కడ కెనడాలో కూడా ఒక పిల్ల పువ్వులకు దారాలు కడుతోందని చెబితే మాత్రం బాగా వినపడింది, ఏ రంగు కడతారని వెంటనే అడిగింది. ఒకటే రంగు, తెలుపు అన్నాను.

“ఒక్క రంగైతే ఏ దినం కట్టింది యాదో ఎట్లా తెలుస్తాది?”

చీటీ మీద గీతలుంటాయనీ, మిషన్ ముందు పెడితే ఏ పువ్వు ఏ రోజు ఎవరు కట్టారో పేరుతో సహా చెప్పేస్తుందనీ అన్నాను. మంచిదే అంది మేస్త్రి అక్క, మెచ్చుకోలుగా.

ఆ పిల్ల అసైన్‌మెంట్ పంపించేసింది. మొదటి పేజీలోనే ఆ పేరుంది, నేను రెండుసార్లు చదువుకున్నాను. చిన్న అగ్గిపుల్లంత కాగితం మీద పనిచేసిన మనిషి పేరు దానంతటదే పడిపోయే రోజులు వచ్చాయి, పిల్లల అదృష్టం. మా రోజుల్లో ఆ పేరు రాయడానికి చేతిలో కలం పట్టుకుని ఒక మనిషి ఉండాల్సి వచ్చేది, ఆ మనిషిని నేనే.