ఆగ్నేయం మూల మీటరు

వాస్తు అనే మాట వినబడితే చాలు, నాకు నవ్వు ఆగేది కాదు. పక్కింటి బావ ఎవరో చెప్పారని వీధి గుమ్మం పూడ్పించి పెరటివైపు నుంచి తిరుగుతుంటే, నలుగురిలో "మంచి పని చేశావు బావా, ఇక దొంగలకి కూడా దారి తెలీదు" అన్నాను. ఆ రోజు నుంచి నాతో మాటలు మానేశాడు. పోతే పోనీ అనుకున్నాను. శృంగవరపుకోట మొత్తానికి బుద్ధి ఉన్నది నాకొక్కడికే అన్నట్టు తిరిగాను.

తీరా నేను ఇల్లు కట్టుకునేసరికి ఆ బుద్ధి ఎటు పోయిందో! ఎవరూ చూడకుండా ఫోనులో దిక్సూచి తెరిచి, అగ్నిదేవుడి మూల కదా అని మీటరూ మెయిన్ బోర్డూ ఆగ్నేయంలో బిగించమన్నాను. వైరింగు చేసే అతను ఎందుకని అడిగితే "అక్కడ గాలి బాగా తగులుతుంది" అన్నాను. మీటరుకి గాలెందుకో నాకూ తెలీదు.

రేపు గృహప్రవేశమనగా సర్వీసు వైరు లాగడానికి లైన్‌మేన్ వచ్చాడు. స్తంభం సరిగ్గా ఎదురు మూల, వాయవ్యంలో ఉంది.

"ఏటండీ, దాబా మీద నుంచి వైరు లాగమంతారా? బట్టలారేసుకున్నోళ్ల సెయ్యి తగిల్తే ఎవుడు జవాబు సెప్తాడు? బోర్డు స్తంబం పక్కకి మార్సండి, ఎల్లుండి వస్తాను" అని వెళ్లిపోయాడు.

పొద్దున్నకల్లా చుట్టాలు దిగుతారు. మోటారు ఆడకపోతే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే వంట లేదు. మా ఆవిడ తిట్టను కూడా తిట్టలేదు.

"ఎల్లి మీ బావనడుగు" అంది.

సిగ్గు చంపుకుని వెళ్లాను. గుమ్మం లేదన్న సంగతి మరిచి, గోడ ముందు నిలబడి కాసేపు పిలిచాను. చివరికి బావే పెరట్లోంచి తిరిగొచ్చి అంతా విన్నాడు.

"ఆగ్నేయమా? నువ్వా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఉండు బావా, మా ఇంటికాడ్నుంచి వైరు ఏస్తాను" అని కిటికీలోంచి వైరు లాగి మా మోటారు ఆడించాడు. ఆ సాయంత్రమే నేను బోర్డు ఊడదీయించి వాయవ్యం గోడకి పెట్టించాను.

మర్నాడు భోజనాల దగ్గర మా పిన్ని ఆ బోర్డు చూసి, "మీటరు ఈ మూల ఎట్టీసినారేటర్రా? ఆగ్నేయంలో కదా ఎట్టాల?" అని అందరికీ వినబడేలా అడిగింది.

నేను నోరు తెరిచేలోపే, పులిహోర వడ్డిస్తున్న బావ అందుకున్నాడు.

"మా బావకి అలాటి పట్టింపుల్లేవత్తా."

విస్తరిలోంచి తలెత్తలేకపోయాను.