తుక్కులోంచి కాపాడిన రేడియో

మా పాత రేడియోల బృందం అచ్చు వేసుకున్న చిన్న పుస్తకంలో నా జర్మన్ రేడియో ఫోటో ఉంది. దాని కింద "పెందుర్తిలో తుక్కు కొట్టు నుంచి కాపాడినది" అని ఉంటుంది. ఆ వాక్యం నేనే రాశాను. అందులో పెందుర్తి ఒక్కటే నిజం.

మా బృందంలో ఎవరూ రేడియో కొన్నాననరు, అడిగి తెచ్చుకున్నాననరు. అందరూ కాపాడినవాళ్లే. ఎవరింట్లోంచి కాపాడారో అడక్కపోవడం మా మర్యాద. నెలకో ఆదివారం సీతమ్మధారలో ఒకరి మేడ మీద చేరి, డెబ్బై ఏళ్ల కిందటి చెక్కపెట్టెలను సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు చూస్తాం. స్పీకర్ ముందున్న గుడ్డ అసలుదా, మార్చిందా? నాబులు పసుపెక్కాయా? ఇంతా చేసి పాట వింటామా అంటే, వినం. ఒకాయన రేడియోను పలికించే గాజు వాల్వులన్నీ పీకేసి లోపల బ్లూటూత్ స్పీకర్ దాచాడు. ఫోన్‌లోంచి పాత పాట వేసి, కళ్లు మూసుకుని, "ఆ రోజుల ధ్వనే వేరు" అంటాడు. అద్దం మీద బెర్లిన్, వియన్నా, ప్రాగ్ అని ఊళ్ల పేర్లుంటాయి. వాటిని మంత్రాల్లా చదువుతాం. అందులో ఒక్క ఊరూ విశాఖపట్నంలో పలకదు. ఈ మనుషులంటే నాకు ఎంత ఏహ్యమో, వాళ్లలో నికార్సయినవాణ్ని నేనేనని అంత గర్వం. నా సెట్ అసలు వాల్వులతోనే పాడుతుంది మరి.

ఆ సెట్ మా అమ్మకు జాకెట్లు కుట్టిన ఆంటీది. ఆమె భర్త పోర్టులో క్రేన్ నడిపేవాడు. జర్మన్ ఓడ ఇంజనీరెవరో వెళ్తూ వెళ్తూ ఆయనకిచ్చాడట. ఆయన పోయాక అది మూగబోయింది. నేను రేడియోలు బాగుచేస్తానని విని, ఆంటీ దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని పెందుర్తి నుంచి తెచ్చింది.

"పాడతాదా బాబూ?"

"చూస్తానాంటీ."

ఆమె వీధి మలుపు తిరిగేలోపే చూశాను. ఒక వాల్వు వదులైంది, అంతే. వేలితో నొక్కాను. కాసేపటికి ముందున్న కన్నులాంటి ఆకుపచ్చ దీపం వెలిగి పాట వచ్చింది. మర్నాడు ఆంటీకి ఫోన్ చేసి, పార్టు దొరకదని చెప్పాను.

కొన్ని నెలలకు ఆమే ఫోన్ చేసింది. "పాడకపోయినా పర్లేదు బాబూ, అలాగే తెచ్చీ. మీ అంకులు దాని మీదే బైబిలు పెట్టీవోడు."

అప్పటికే పాలిష్ పట్టించాను, గుడ్డ మార్పించాను. "పొరపాటున తుక్కులో పోయిందాంటీ" అన్నాను.

"పోన్లే. నువ్వు మాత్రం ఏటి సేత్తావు" అంది.

ఆ మాట పట్టుకుని ఏడాది బతికాను. పుస్తకం వచ్చిన రోజు బృందంలో ఒకడు నా వీపు చరిచి, "బావా, బలే పట్టావ్! నీకిచ్చినోడు ఎంత ఎర్రోడో!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగానే, మేం ఎవర్ని చూసి నవ్వుతున్నామో తెలిసింది.

ఆ వారమే రేడియోను పెందుర్తి తీసుకెళ్లాను. ఆంటీ కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచి వచ్చి, దాన్ని తడిమి చూసింది.

"ఇది మాది కాదు. నా కోసం యేరేది కొన్నావేటి బాబూ?"

ఆమె కళ్లలో నీళ్లు. ఊ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"మీదే ఆంటీ. తుక్కులో పోలేదు. నేనే అబద్ధం చెప్పాను."

"మరి అద్దం మీద సుక్కలేవి?"

ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఏ స్టేషన్ ఎక్కడుందో తెలియడానికి భర్త గోళ్లరంగుతో మూడు చుక్కలు పెట్టాడట. విశాఖ, విజయవాడ, సిలోన్. వాటిని మరకలనుకుని స్పిరిట్‌తో తుడిచేశాను. అదీ చెప్పాను.

ఆంటీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత, "మీ యమ్మకి తెల్సా?" అంది.

"తెలీదు."

"సెప్పకు. సిగ్గుతో సత్తాది."

మిషన్ సొరుగులోంచి గోళ్లరంగు సీసా తీసి నా చేతిలో పెట్టింది. "ఎతికి పెట్టు."

నేల మీద కూర్చుని ముల్లు తిప్పాను. ఎటు తిప్పినా గురగుర. మధ్యాహ్నమంతా వెతికితే విశాఖ ఒక్కటే పలికింది. చుక్క పెట్టాను.

"ఒకటేనా? మూడుండాల."

"విజయవాడ అందట్లేదాంటీ. సిలోన్ ఇప్పుడు రాదు."

ఆమె అద్దాన్ని చూసింది, నన్ను చూసింది. "నిజవేనా? ఇదీ అలాటి మాటేనా?"

ఈసారి చెప్పింది నిజమే. ఆంటీ మాత్రం గుమ్మంలోకి వెళ్లి పక్కింటాయన్ని కేకేసింది. ఆయన వచ్చి, చెవి ఆనించి, ముల్లును ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పాడు. ఆయన ఏమంటాడోనని ఆమె, ఆమె ఏమంటుందోనని నేను, గోడవారగా నిలబడి ఉన్నాం.